వేషం కాదు.. వాళ్ల జీవితమే!

అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న మీ అన్నయ్యో, అక్కో నవంబర్‌లో థ్యాంక్స్‌గివింగ్ సెలవుల ఫొటోలు పంపే ఉంటారు. 1621లో ఇప్పటి మసాచుసెట్స్ తీరాన, ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లతో కలిసి ఆ విందు చేసుకున్న స్థానికులే వాంపనోగ్ ప్రజలు. ఎప్పుడో అంతరించిపోయి ఉంటారనుకుంటున్నారా? లేదండీ! మాష్‌పీ, అక్విన్నా ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట పదే పదే చెప్పుకోవాల్సి రావడమే వాళ్ల కష్టం.

అక్కడి ప్లిమత్ పటక్సెట్ మ్యూజియానికి వెళ్తే ఓ తేడా గమనిస్తారు. వలసదారుల పల్లెలో సిబ్బంది 17వ శతాబ్దపు మనుషుల్లా నటిస్తారు. వాంపనోగ్ ఆవరణలో జింకచర్మం దుస్తులు వేసుకున్న స్థానిక తెగలవాళ్లు మాత్రం నటించరు. దుంగను నిప్పుతో తొలిచి పడవ చేసే పద్ధతి చూపిస్తూనే, ఇవాళ్టి మనుషులుగానే మీతో మాట్లాడతారు. ఒంటి మీద ఉన్నది వేషం కాదు మరి. నన్నడిగితే, ఇంతకు మించిన ప్రదర్శన లేదు.

వాళ్ల కళల్లో పెద్ద పేరున్నది వాంపమ్. క్వాహాగ్ అనే గట్టి ఆల్చిప్పలోని ఊదా భాగాన్ని కోసి, అరగదీసి, సన్నటి రంధ్రం చేసి పూసలు తీస్తారు. పొడి పీల్చడం ఊపిరితిత్తులకు చేటు కాబట్టి తడిపి కోస్తారు. ఓపిక లేనివాళ్లకు ఈ పని కాదు! తెల్లపూసలతో కలిపి నేసిన పట్టీల్లో ఒప్పందాలు, తెగ కథలు నిక్షిప్తమై ఉంటాయి. వలసదారులతో పోరాడిన నాయకుడు మెటాకమ్ 1676లో హతమయ్యాక ఆయన పట్టీలను ఇంగ్లండ్ రాజు కోసం పంపేశారు. అవి ఏమయ్యాయో నేటికీ ఆచూకీ లేదు. మేఫ్లవర్ ఓడ ప్రయాణానికి 2020లో 400 ఏళ్లు నిండిన సందర్భంగా, వందమందికి పైగా వాంపనోగ్‌లు కలిసి దాదాపు 5,000 పూసలతో కొత్త పట్టీ నేశారు. అది ఇంగ్లండ్‌లోని కొన్ని మ్యూజియాలు తిరిగింది, పాతవాటి కోసం వెతుకులాటతో పాటే.

జులైలో మాష్‌పీలో జరిగే పౌవావ్‌లో డప్పులు, నృత్యాలు హోరెత్తుతాయి. నిప్పుబంతి ఆట కూడా ఉంటుంది, జబ్బుపడ్డవారి స్వస్థత కోసం ఆడతారు.

మరి పాటకు మాట కావాలిగా? వందేళ్లకు పైగా ఆ భాష మాట్లాడేవారే లేరు. జెస్సీ లిటిల్ డో బెయర్డ్ 1993లో పునరుద్ధరణ మొదలుపెట్టారు. ఎంఐటీలో లింగ్విస్టిక్స్ చదివి, 1663లో ఆ భాషలో అచ్చయిన బైబిల్, పాత దస్తావేజుల ఆధారంగా వ్యాకరణాన్ని పోగుచేశారు. 2010లో మెక్ఆర్థర్ ఫెలోషిప్ వచ్చింది. లింగ్విస్టిక్స్ చదివితే ఏం ఉద్యోగం వస్తుందని ఇంట్లో అడిగితే, ఆమె గురించి చెప్పండి. ఆమె కూతురు ఆ భాషను ఉగ్గుపాలతోనే నేర్చింది.