రబ్బరు పోయినా పెన్ను పోదు

పాత పార్కర్ 51 చేతికి రాగానే చాలామంది ఇంకు నింపి రాసి చూస్తారు. నా మాట వింటే ముందు పాళీ సంగతి పక్కనపెట్టి వెనక వైపు తిప్పండి. బారెల్ మొత్తం విప్పుకొచ్చి లోపల లోహపు తొడుగు కనిపిస్తే అది 1948లో వచ్చిన ఏరోమెట్రిక్ రకం. ఇంకు ఎలా నింపాలో ఆ తొడుగు మీదే కంపెనీవాళ్లు చెక్కి పెట్టారు. అలా కాకుండా కొసన చిన్న మూత మాత్రమే ఊడి, దాని కింద నొక్కుడు మీట బయటపడితే అది అంతకు ముందుదైన వాక్యుమాటిక్. బేరమాడే ముందు తెలియాల్సింది ఇదే. రెండూ పైకి ఒక్కలాగే ఉంటాయి కానీ వాటి ఆయుష్షు వేరు.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని జేన్స్‌విల్ ఊళ్లో జార్జ్ పార్కర్ 1888లో పెట్టిన కంపెనీకి 1939లో 51వ ఏడు వచ్చింది. పెన్ను పేరు అక్కడిదే. అమెరికా దుకాణాల్లోకి 1941లో వచ్చింది. వెల పన్నెండున్నర డాలర్లు. ఆ రోజుల్లో అది చిన్న సొమ్ము కాదు. 1945 మే 7న ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో జర్మనీ లొంగుబాటు పత్రం మీద సంతకాలయ్యాక మిత్రరాజ్యాల సేనాధిపతి ఐసెన్‌హోవర్ రెండు పెన్నుల్ని విజయ చిహ్నంగా పట్టుకుని ఫొటో దిగాడు. ఆ పెన్నులు పార్కర్ 51లే.

ఈ పెన్ను పుట్టుకకు కారణం ఇంకు. రాసిన వెంటనే ఆరిపోయే ఇంకు కావాలనుకుంది కంపెనీ. కాగితం మీద తొందరగా ఆరేది పాళీ మీద మాత్రం ఆరకుండా ఉంటుందా? అందుకే పాళీని పూర్తిగా తొడుగులో దాచి, మొన ఒక్కటే బయటికి ఉంచారు. గాలి తగిలే జాగా తగ్గింది కాబట్టి క్యాప్ తీసి కాసేపు ఆలోచించినా పాళీ ఎండదు. ఇంకో చిక్కు కూడా వచ్చింది. క్షారగుణం ఎక్కువున్న ఆ ఇంకు అప్పట్లో పెన్నులకు వాడే సెల్యులాయిడ్‌ను తినేసేది. దానికి తట్టుకునేది లూసైట్ అనే యాక్రిలిక్. యుద్ధ విమానాలకు అద్దాల్లా బిగించినదీ ఆ జాతి ప్లాస్టిక్కే. ఎనభై ఏళ్ల నాటి పెన్ను ఇవాళ పట్టుకున్నా ఒళ్లు కుంచించుకుపోకుండా నున్నగా ఉండడానికి కారణం అదే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం మాత్రం బయటికి కనిపించదు. తొడుగు విప్పితే పాళీ చుట్టూ చేప మొప్పల్లాంటి సన్నని రేకలున్న గొట్టం ఉంటుంది. దాన్ని కలెక్టర్ అంటారు. చేతి వేడికి బారెల్‌లో గాలి వ్యాకోచించి ఇంకును ముందుకు నెడుతుంది. మామూలు పెన్నయితే ఆ ఇంకు కాగితం మీద చుక్కగా రాలుతుంది. ఇక్కడ ఆ రేకల సందుల్లోకి చేరి, కేశనాళికా చర్యతో అక్కడే నిలిచిపోతుంది. రాస్తూంటే తిరిగి పాళీకి అందుతుంది. మోటారు లేదు, కవాటం లేదు. సందు ఎంత సన్నగా ఉండాలో లెక్క కట్టినవాడి తెలివి అది.

ఇక చచ్చేది ఏమిటంటే రబ్బరు. వాక్యుమాటిక్‌లో మీట నొక్కితే రబ్బరు పొర సాగి లోపలి గాలిని బయటికి తోస్తుంది. వదిలితే వెనక్కి వచ్చి ఇంకును లాక్కుంటుంది. లోపలున్న సన్నగొట్టం కొస ఇంకు మట్టానికి పైన ఉంటుంది కాబట్టి మళ్లీ నొక్కినప్పుడు పోయేది గాలే, ఇంకు కాదు. అలా నొక్కేకొద్దీ నిండుతుంది. ఆ పొర దశాబ్దాలు గడిచేసరికి గట్టిపడి పెళుసెక్కి చిట్లుతుంది, లేదా కరిగి జిగురుగా అంటుకుంటుంది. ఏరోమెట్రిక్‌లో రబ్బరుకు బదులు పీవీసీ సంచి పెట్టారు. అది చాలా పెన్నుల్లో నేటికీ పనిచేస్తోంది. కడిగితే చాలు, రాస్తాయి.

వాక్యుమాటిక్‌ను బతికించడానికి ఓపిక కావాలి. ముందు పాళీ వైపు చల్లని నీళ్లలో నానబెట్టాలి. నీలి మరకలు రావడం ఆగేదాకా నీళ్లు మారుస్తూనే ఉండాలి. మీట భాగాన్ని విప్పడానికి ప్రత్యేకమైన రెంచి ఉంది. పట్టకారుతో పట్టారా, మరలు అరిగిపోతాయి. పాత పొర ముక్కలు బారెల్ అంచున కరుచుకుని ఉంటాయి. వాటిని పూర్తిగా గీకి తీయకపోతే కొత్త పొర సరిగా కూర్చోదు, ఇంకు కారుతుంది. కొత్తదానికి టాల్కం పొడి అద్ది బిగిస్తే మెలిపడదు. పాళీ తొడుగును పట్టి ఉంచేది లక్క. దానికి పొడి వేడి కొద్దిగా తగిలితే మెత్తబడుతుంది. వేడి ఎక్కువైతే లూసైటే వంగుతుంది. స్పిరిట్ అసలే వద్దు. లూసైట్ మీద వెంట్రుకవాసి పగుళ్లు లేస్తాయి.

మెరుగు పెట్టే చక్రం మీద పెన్నును అద్దంలా చేసి అమ్మేవాళ్లున్నారు. అది నాకు నచ్చదు. 1940ల పెన్నుల బారెల్ మీద ఒక అంకె, పక్కన చుక్కలు ఉంటాయి. అంకె సంవత్సరంలో చివరిది, చుక్కలు ఏ త్రైమాసికమో చెబుతాయి. మెరుగులో ఆ ముద్ర పోతే పెన్ను పుట్టినరోజు పోయినట్టే. గీతలున్నా ముద్ర ఉన్న పెన్నునే కొనండి.

మన దగ్గర ఈ పెన్నును కళ్లతో చూడనివాళ్లు కూడా దీని రూపాన్ని వాడారు. పరీక్షలు రాసిన చైనా హీరో పెన్ను గుర్తుందా? మొన ఒక్కటే బయటికి కనిపించే ఆ పాళీ తీరు పార్కర్ 51 నుంచి వచ్చిందే. మన రాజమండ్రి రత్నం పెన్నుల దారి వేరు. ఎబొనైట్ కడ్డీని చేత్తో తరిమెన పట్టి చేసి, బారెల్‌లోకి నేరుగా ఇంకు పోసే పద్ధతి. లోపల ఎండిపోయే రబ్బరు సంచీ లేదు కాబట్టి చెడేదీ తక్కువే. కాకపోతే ఎండ, తేమ తగిలితే ఎబొనైట్ నలుపు గోధుమరంగుకు తిరుగుతుంది.

ఇంకుపెన్నులకు పోటీగా 1945 అక్టోబరులో న్యూయార్క్‌లో రేనాల్డ్స్ బాల్‌పెన్ అమ్మకానికి పెట్టారు. వెల పార్కర్ 51దే, పన్నెండున్నర డాలర్లు. కొన్నేళ్లలోనే బాల్‌పెన్ల ధర పడిపోయింది, ఇంకుపెన్నులు బల్ల సొరుగుల్లోకి వెళ్లాయి. పార్కర్ 51 తయారీ 1972 దాకా సాగింది.

మీ ఇంట్లో తాతగారి పెన్నేదైనా సొరుగులో పడి ఉంటే పారేయకండి, వేడినీళ్లలో ముంచకండి. గ్లాసుడు చల్లని నీళ్లలో పాళీ వైపు నాననిచ్చి, బాగుచేయడం తెలిసినవాళ్లకు చూపించండి.