తండ్రీ కూతుళ్ళు చూచిన నాట్యం

గోదావరి పాయల నడుమ, కాలువ గట్ల వెంబడి కొబ్బరి తోటలతో అలరారే ఆత్రేయపురం పేరు వినగానే ఎవరికైనా పూతరేకులే జ్ఞప్తికి వస్తాయి. 2023లో ఆ తీపి పదార్థానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే ఆ గ్రామంలో నేను చూచిన వేరొక దృశ్యాన్ని గురించి ఈ వ్యాసంలో ముచ్చటింపదలచాను.

ఒక మిత్రుని ఇంట శుభకార్యానికి వెళ్ళిన సందర్భమది. ఆ రాత్రి దేవాలయ ప్రాంగణంలో కూచిపూడి భామాకలాపం ఏర్పాటు చేశారు. మా ముందు చాపమీద ఒక రైతు, ఆయన ప్రక్కన ఎనిమిదేండ్ల కూతురు కూర్చొని ఉన్నారు. ఇద్దరు పట్టుకొన్న తెర వెనుకనుండి సత్యభామ తన జడను తెరమీదుగా ఇవతలకు వేసింది.

"నాన్నా, జడ ఒక్కటే వచ్చిందేమిటి?" అని అడిగింది ఆ పాప.

"ముందు జడ వస్తుందమ్మా, తరువాత ఆవిడ వస్తుంది. చూస్తూ ఉండు" అన్నాడు తండ్రి.

నా ప్రక్కనున్న వృద్ధుడొకరు ఈ మాటలు విని, "మా నాయన ఎక్కడ మేళం ఉన్నా వెళ్ళేవాడండీ. మా అక్కను మాత్రం ఒక్కనాడూ వెంట తీసుకొని వెళ్ళలేదు" అన్నారు. ఆ మాట నా మనస్సులో నిలిచిపోయింది. తండ్రీ కూతుళ్ళు కలిసి నాట్యం చూడటం నేడు మనకు వింతగా తోచదు. కాని గోదావరి సీమలో ఇది సామాన్య విషయం కావడానికి ఎంతో కాలం పట్టింది. ఆ కథ తెలిసికోదగినది.

పూర్వం ఈ ప్రాంతంలో నాట్యం ముఖ్యంగా కళావంతుల స్త్రీల విద్య. దేవాలయాలలో, జమీందారుల కొలువులలో, పెండ్లిండ్లలో వారి మేళాలు జరిగేవి. పెండ్లివారింట జరిగే మేజువాణికి ఊరి పెద్దలు, పురుషులు వచ్చి ముందు కూర్చునేవారు. ఆ స్త్రీలు సంగీతం, సాహిత్యం, అభినయం క్షుణ్ణంగా నేర్చినవారు. పదాలు, జావళులు పాడుతూ అర్థాన్ని చేతులతో, కన్నులతో పలికించేవారు. భామాకలాపాన్ని కూడ వారు ప్రదర్శించేవారు. కోనసీమలోని ముమ్మిడివరానికి చెందిన అన్నాబత్తుల బులివెంకటరత్నం ఆ విద్యలో పేరుగన్న కళాకారిణి.

ఇంతటి విద్య ఉన్నా వారి జీవితంలో ఒక పెద్ద లోటు ఉండేది. వారిలో చాలామందికి వివాహబంధం లేదు. విద్యా, ఆస్తీ తల్లినుండి కూతురికి సంక్రమించేవి. తండ్రి ఎవరో ఊరికి తెలిసినా, ఆయన నలుగురిలో ఆ బిడ్డను తన కూతురని చెప్పుకొనడం అరుదు. కనుక ఆ రోజులలో సభను చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. చూడవచ్చిన తండ్రి ప్రక్కన అతని కూతురు లేదు. ఆడుతున్న కూతురి ప్రక్కన ఆమె తండ్రి లేడు.

పందొమ్మిదవ శతాబ్దం చివర సంఘ సంస్కర్తలు ఈ వ్యవస్థను తీవ్రంగా ఖండించారు. ఆత్రేయపురానికి అనతిదూరంలోని రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు మేజువాణీలకు వ్యతిరేకంగా కలం పట్టారు. 1893లో మద్రాసు సంస్కర్తలు గవర్నరుకు, వైస్రాయికి విజ్ఞాపనలు పంపారు. గురజాడ వారి కన్యాశుల్కంలో మధురవాణి, సౌజన్యారావు పంతులు ఎదురెదురుగా నిలవడం ఆ కాలపు వాదానికి చక్కని దర్పణం. కళావంతుల కుటుంబంలో జన్మించిన యామినీ పూర్ణతిలకం గారు కూడ ఆ స్త్రీల ఉద్ధరణకు కృషి చేశారు.

మద్రాసు శాసనమండలిలో ఈ సమస్యను పట్టుదలతో లేవనెత్తిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారి చరిత్ర మన విషయానికి మరీ దగ్గరిది. ఆమె తల్లి దేవదాసీ కుటుంబానికి చెందినది. తండ్రి పుదుక్కోటలో కళాశాల అధ్యక్షులు. ఆయన కూతురిని తన బిడ్డగా పెంచి, ఎదురు మాటలను లెక్కచేయక చదివించారు. ఒక తండ్రి బహిరంగంగా కూతురి ప్రక్కన నిలిస్తే ఏమి జరుగుతుందో చెప్పడానికి ఆమె జీవితమే నిదర్శనం.

తుదకు 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. బాలికలను దేవాలయాలకు అంకితం చేయడాన్ని అది నిషేధించింది. దేవాలయ ప్రాంగణాలలోను, దేవుని ఊరేగింపులలోను స్త్రీలు నాట్యమాడటాన్ని కూడ నేరం చేసింది. మొదటిది న్యాయం. రెండవదానివల్ల ఆ స్త్రీల జీవనాధారం పోయింది. విద్య తెలిసినవారు మౌనం వహించారు. తమ కుమార్తెలకు నేర్పడం మానుకొన్నారు. ఆత్రేయపురం ప్రక్కనే ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి ఆలయం ఉన్నది. అక్కడి విగ్రహం ముందు విష్ణువు, వెనుక మోహిని. అటువంటి మోహిని వెలసిన ప్రాంతంలోనే స్త్రీ గుడిలో ఆడరాదనే చట్టం అమలులోకి రావడం చరిత్రలోని విచిత్రాలలో ఒకటి.

మరి ఆ రాత్రి మేము చూచిన కూచిపూడి మాట ఏమిటి? అది కృష్ణా తీరంలోని పురుషుల విద్య. స్త్రీ వేషాలు కూడ పురుషులే ధరించేవారు. గోలకొండ నవాబు అబుల్ హసన్ తానీషా (పాలన 1672-1687) వారి ఆటకు మెచ్చి ఆ గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చాడని ప్రతీతి. మతం వేరైనా కళను మెచ్చడానికి ప్రభువుకు అడ్డు రాలేదన్నమాట. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు (1935-2012) సత్యభామగా రంగంమీదికి వస్తే స్త్రీలే ఆశ్చర్యపోయేవారని పెద్దలు చెప్పుకొంటారు. వెంపటి చినసత్యం గారు (1929-2012) 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఎందరో బాలికలకు నేర్పారు. అప్పటినుండి మధ్యతరగతి తండ్రులు తమ కుమార్తెల చేతులు పట్టుకొని నాట్యాచార్యుల ఇండ్లకు వెళ్ళడం అలవాటైంది.

ఈ మార్పుకు ముందే దారి చూపిన తండ్రులు లేకపోలేదు. మదనపల్లెలో 1940లో జన్మించిన యామినీ కృష్ణమూర్తి గారికి తండ్రి కృష్ణమూర్తి గారే అండ. సంస్కృత పండితులైన ఆయన కూతురికి నాట్యశిక్షణ ఇప్పించి, ఆమె కళకు వెన్నెముకగా నిలిచారు. 2016లో పద్మవిభూషణ్ పొందిన ఆమె 2024లో కన్నుమూశారు.

ఇక్కడ మనం మరువరాని విషయమొకటి ఉన్నది. గౌరవం నాట్యానికి దక్కింది గాని, దానిని తరతరాలు కాపాడిన స్త్రీలకు చాలాకాలం దక్కలేదు. నటరాజ రామకృష్ణ గారు (1923-2011) ఊరూరా తిరిగి వృద్ధులైన ఆ కళాకారిణులను వెదకి, వారి విద్యను ఆంధ్రనాట్యం పేరుతో లోకానికి చూపారు. హైదరాబాదులో మహ్ లఖా బాయి చందా (1768-1824) ఉర్దూలో దీవాన్ రచించిన కవయిత్రి, నర్తకి. ఆమెను కూడ కొందరు నర్తకిగా మాత్రమే తలచి, కవయిత్రిగా మరచారు. ఉర్దూలోనైనా తెలుగులోనైనా మన మరపు ఒక్క తీరుగానే ఉన్నది!

మరల ఆ రాత్రికి వస్తాను. తెర తొలగింది. సత్యభామ ప్రవేశదరువు ముగిసింది. జడను అలా వేయడం తనతో పోటీకి రమ్మని సవాలు చేయడమని తండ్రి మెల్లగా వివరించాడు. పాప కొంతసేపు ఊరకుండి, "నేనూ నేర్చుకొంటాను నాన్నా" అన్నది. తండ్రి వెంటనే బదులు పలుకలేదు. చుట్టూ ఉన్నవారి వైపు ఒక్కసారి చూచాడు. ఆ చూపులో నూరేండ్ల సంకోచం ఉన్నదని నాకు తోచింది. అప్పుడు ఆ వృద్ధుడు ముందుకు వంగి, "నేర్పించు బాబూ" అన్నారు. తండ్రి కూతురి తల నిమిరి, "రేపు మేష్టారిని అడుగుదాంలే అమ్మా" అన్నాడు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో కొందరు రేపు తండ్రులవుతారు, తల్లులవుతారు. మీ బిడ్డను నాట్యానికి తీసుకొని వెళ్ళిననాడు ఆ చాపమీద మీ ఇద్దరికీ చోటు ఎట్లు లభించిందో ఆమెకు చెప్పండి. తండ్రి ప్రక్కన లేకుండానే ఆడిన కూతుళ్ళ సంగతి కూడ చెప్పండి. ఆ జ్ఞాపకమే మనం ఆ కళాకారిణులకు తీర్చగల ఋణం.