మామిడి నేల నుంచి మంచు కనుమకు

నూజివీడు వైపు కనుమ అంటే సంక్రాంతి మూడో రోజు. పశువులకు పూజ, ఇంట్లో మినప గారెలు. ఆ రోజు కాకైనా కదలదని సామెత. అదే మాటకు ఇంకో అర్థం ఉంది: కొండల నడుమ నుంచి అవతలికి దాటించే దారి. తూర్పు కనుమలు, పడమటి కనుమలు అని బళ్లో బట్టీపట్టినా ఈ అర్థంతో అక్కడివాళ్లకు పెద్దగా పనిపడదు. చిన్న రసాలు, బంగినపల్లి తోటలు పరుచుకున్న ఆ నేల సముద్రమట్టానికి కొన్ని పదుల మీటర్ల ఎత్తులోనే ఉంటుంది మరి. కదలకూడని కనుమే తెలిసినవాళ్లకు, పరుగెత్తి దాటే కనుమ కూడా ఒకటుందంటే వింతగానే ఉంటుంది.

అది లడఖ్‌లో ఉంది. పేరు ఖర్దుంగ్ లా. అక్కడి భాషలో ‘లా’ అంటేనే కనుమ. 2010 ఆగస్టు వరదలు లేహ్ పట్టణాన్ని అతలాకుతలం చేశాక, 2012లో లడఖ్ మారథాన్ మొదలైంది. సెప్టెంబరులో జరిగే ఆ పోటీల్లో ఖర్దుంగ్ లా ఛాలెంజ్ ఒకటి. మొత్తం 72 కిలోమీటర్లు. తెల్లవారుజామున 3 గంటలకు, నుదుటికి లైట్లు కట్టుకుని ఖర్దుంగ్ అనే ఊళ్లో బయల్దేరతారు. ఆ ఊరే సుమారు 4,000 మీటర్ల ఎత్తున ఉంది. అక్కణ్ణుంచి 32 కిలోమీటర్లు ఎక్కుడు. పైన 5,359 మీటర్ల దగ్గర కనుమ. దాటాక లేహ్ దాకా 40 కిలోమీటర్లు దిగుడు. 2022 నుంచి ఇంకా మొండివాళ్ల కోసం 122 కిలోమీటర్ల సిల్క్ రూట్ అల్ట్రా కూడా పెట్టారు.

ఇది వాహనాలు తిరిగే రోడ్డు కాబట్టి ట్రయిల్ రన్నింగ్ కాదని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. వాళ్ల మాటా నిజమే. ట్రయిల్ అంటే తోటల మధ్య డొంకదారి లాంటిది: రాళ్లు, వేళ్లు, బురద, అడుగడుగునా కాలు ఎక్కడ వేయాలో చూసుకోవలసిన బాట. ఆ తరహా సుదూర పరుగుకు పుట్టిల్లు అనదగ్గ కథలోనూ ఒక కనుమ ఉంది. అమెరికాలో టెవిస్ కప్ అని ఒక్క రోజులో సుమారు 160 కిలోమీటర్లు సాగే గుర్రపు స్వారీ పోటీ. 1973లో ఆ పోటీలో గోర్డీ ఐన్స్లీ అనే రౌతు గుర్రం కుంటింది. మరుసటి ఏడాది ఆయన గుర్రం లేకుండానే వచ్చి, గుర్రాలతో పాటు ఎమిగ్రెంట్ పాస్ అనే కనుమ ఎక్కి దాటి, 23 గంటల 42 నిమిషాల్లో గమ్యం చేరాడు. ఆ దారిమీదే తర్వాత వెస్టర్న్ స్టేట్స్ పరుగు పందెం నిలదొక్కుకుంది. 2003లో మొదలైన ఆల్ప్స్ పరుగు యూటీఎంబీ కూడా మో బ్లాఁ శిఖరం చుట్టూ ఒక కనుమ తర్వాత మరో కనుమ దాటుతూ సాగేదే. అయితే ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులో ఆ పరుగు దాటే గ్రాన్ కోల్ ఫెరె ఎత్తు 2,537 మీటర్లు. ఖర్దుంగ్ లా పోటీలో మొదటి అడుగు పడేదే అంతకన్నా చాలా పైన.

పైన ఆక్సిజన్ తక్కువ అంటారు. పాళ్లు మాత్రం మారవు. నూజివీడు గాలిలోనూ, కనుమ మీదా ఆక్సిజన్ 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. ఖర్దుంగ్ లా మీద అది సముద్రమట్టంలో ఉండేదాంట్లో దాదాపు సగం. అంటే ఎంత గుండెల నిండా పీల్చినా లోపలికి చేరే ఆక్సిజన్ సగానికి పడిపోతుంది. కింద హాయిగా కబుర్లు చెబుతూ పరుగెత్తే మనిషి అక్కడ నాలుగు అడుగులు వేగం పెంచితే నడుం మీద చేతులు పెట్టుకుని ఆగాల్సిందే.

దీనికి విరుగుడు దమ్ము కాదు, ఓపిక. మామిడి రైతుకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. పక్వానికొచ్చిన కాయను గడ్డిలో మాగేస్తే దాని టైముకు అది పండుతుంది. తొందరపడి కార్బైడ్ పెడితే పైకి పసుపు రంగు వస్తుంది, లోపల పులుపు పోదు. పైగా చట్టం దాన్ని నిషేధించింది. ఎత్తుకు అలవాటు పడటమూ మాగేయడం లాంటిదే. పైకి వెళ్లగానే ఊపిరి వేగం పెరుగుతుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం హెచ్చుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు బైకార్బనేట్‌ను బయటికి పంపుతాయి. అక్కడ మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడానికి ఇదొక కారణం. ఈ సర్దుబాటుకు రోజులు పడతాయి. ఎర్రకణాలను పెంచే హార్మోను గంటల్లోనే ఊరుతుంది గానీ, కణాల సంఖ్య పెరగడానికి వారాలు కావాలి. అందుకే 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని పర్వత వైద్యులు చెబుతారు. విమానంలో నేరుగా లేహ్‌లో దిగినవాళ్లు సుమారు గంటలో 3,500 మీటర్ల ఎత్తుకు ఎక్కేసినట్టు. తలనొప్పి, వాంతులు వస్తే అది శరీరం చెబుతున్న మాట. వినకుండా ఇంకా పైకి పోతే ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరొచ్చు. అప్పుడిక దిగిపోవడమే అసలు మందు.

మరి మామిడి నేలలో ఉండి ఏం సిద్ధపడగలరు? అక్కడ పుష్కలంగా దొరికేది ఎండ. ఎండకు అలవాటుపడిన శరీరంలో పది రోజుల్లోనే ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, పెరుగుతుంది. నార్వేలో సైక్లిస్టుల చేత ఐదు వారాలు వేడిలో సాధన చేయించి చూస్తే ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ కూడా పెరిగింది. అలాగని మే నెల మిట్టమధ్యాహ్నం పరుగుకు దిగమని కాదు. నార్వే వాళ్లు చేసింది థర్మామీటరు పెట్టుకుని, కొలతలు చూసుకుంటూ. మనకు వడదెబ్బ కొలత చూసుకుని రాదు.

దొరకనిది ఎత్తు. ఎక్కడం సాధన చేయడానికైతే ఆగిరిపల్లిలో శోభనాచలం గుట్ట ఉంది, బెజవాడ దాటితే కొండపల్లి ఖిల్లా ఉంది. మెట్ల సంగతికొస్తే తిరుమల ఉండనే ఉంది: శ్రీవారి మెట్టు దారిలో 2,388, అలిపిరి దారిలో 3,550. భక్తులు రోజూ ఎక్కే దారిలో మోచేతులతో తోసుకుంటూ పరుగెత్తడం మర్యాద కాదనుకోండి. అయినా నిటారు కొండను ఎలా ఎక్కాలో అలిపిరి దారి పాఠం చెబుతుంది. మోకాళ్ల పర్వతం దగ్గర ఎంతటివాళ్లయినా నడక తగ్గిస్తారు. కొండ పరుగులో ఆరితేరినవాళ్లూ అంతే. ఏటవాలు పెరిగితే తొడల మీద అరచేతులు ఆన్చి నడుస్తారు. పరుగు పందెంలో నడవడం చిన్నతనం అనుకునేది కింద ఉన్నవాళ్లే.

మైదానం నుంచి వెళ్లినవాళ్లు అంతెత్తున నిలబడగలరా అనే అనుమానానికి జవాబు తెలుగు నేలమీదే ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు వయసు 13 ఏళ్ల 11 నెలలు. భువనగిరి బండ మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్‌కు, తర్వాత లడఖ్ చలికి సాగింది. ఒక్కో ఎత్తు దగ్గర ఆగి, ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటయ్యాకే పైమెట్టు.

ఎక్కడం ఊపిరిని పరీక్షిస్తే, దిగడం తొడలను పరీక్షిస్తుంది. దిగుడులో తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి. ప్రతి అడుగూ చిన్న బ్రేకు. ఖర్దుంగ్ లా నుంచి లేహ్ దాకా 1,850 మీటర్లకు పైగా అలాంటి బ్రేకులే. మర్నాడు కుర్చీలోంచి లేవాలంటే పక్కవాళ్ల చెయ్యి కావాలి.

కనుమ మీద రంగురంగుల ప్రార్థన జెండాలు గాలికి కొట్టుకుంటుంటాయి. అక్కడి ఎత్తు 18,380 అడుగులని చాలాకాలం బోర్డులు చెప్పాయి. జీపీఎస్‌తో కొలిస్తే తేలింది 17,582. దాదాపు 800 అడుగులు ఎక్కువ రాసుకున్నారు. పరుగెత్తి వచ్చినవాళ్లలో ఆ లెక్క మీద తగువుకు దిగే ఓపిక ఎవరికీ ఉండదు. వేడినీళ్లో, సూపో తాగి, బూట్ల లేసులు బిగించుకుని, లేహ్ వైపు దిగుడుకు కాళ్లు తిప్పుతారు. ఇంకా 40 కిలోమీటర్లుంది.