లైటు వెలుగుతుంది, సెల్ఫ్ తిరగదు!

మిరప కోతల రోజుల్లో గుంటూరు యార్డుకు టిక్కీలు తీసుకుపోయే ట్రాక్టరొకటి తాడేపల్లి దగ్గర రోడ్డు పక్కన ఆగిందనుకోండి. డ్రైవరు టీ తాగి వచ్చి తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు! ఇంజను కదలదు. లైటు వేస్తే మాత్రం చక్కగా వెలుగుతుంది. బ్యాటరీ పోయిందంటాడు ఒకడు, సెల్ఫ్ మోటారు కాలిపోయిందంటాడు మరొకడు. కృష్ణ దాటితే విజయవాడ ఆటోనగర్ ఉంది, రెండూ దొరుకుతాయి. కాని కొనేముందు కాస్త లెక్క వేద్దాం.

జర్మనీకి చెందిన ఉపాధ్యాయుడు గియోర్గ్ ఓం 1827లో ప్రకటించిన నియమం మీకు తెలిసిందే: వోల్టులను నిరోధంతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 12 వోల్టుల బ్యాటరీతో నడిచే సెల్ఫ్ వలయం మొత్తం నిరోధం 0.06 ఓం అనుకుందాం. కరెంటు 200 ఆంపియర్లు. ఇప్పుడు బ్యాటరీ క్లాంపు కింద తెల్లని సీసపు సల్ఫేటో, నీలిరంగు మైలుతుత్తమో పేరుకొని ఇంకో 0.02 ఓం చేరింది. కరెంటు 150కి పడిపోతుంది. ఆ ఒక్క అతుకే 3 వోల్టులు మింగేస్తుంది. లైట్లకు కావలసింది సుమారు 9 ఆంపియర్లే కాబట్టి వాటికి తగ్గేది 0.18 వోల్టు. కంటికి తేడా తెలియదు. టెస్టు ల్యాంపు మోసం చేసేది ఇక్కడే!

మింగిన 3 వోల్టులు ఎక్కడికి పోయాయి? 150 ఆంపియర్లతో గుణిస్తే 450 వాట్ల వేడి. అంటే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు పద్దెనిమిది ఒక్కచోట పెట్టినట్టు! ఇక పత్తి లోడు వెనుక లైటు తీగ వదులై నిప్పురవ్వ రాల్చితే ఏమవుతుందో ఊహించండి. కాలిన ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టడం దొంగచేతికి తాళం ఇవ్వడమే.

దోషిని పట్టేదెలా? గేరు న్యూట్రల్‌లో ఉంచి పెద్దవాళ్ళెవరైనా తాళం తిప్పుతుండగా, వోల్టుమీటరు ఒక కొనను బ్యాటరీ సీసపు మొలకపైన, రెండోదాన్ని దానికి బిగించిన క్లాంపుపైన ఆనించాలి. సున్నాకు దగ్గరగా ఉంటే అతుకు మంచిది. రెండు మూడు వోల్టులు చూపితే దొంగ దొరికినట్టే. తాళం తిప్పకుండా కొలిస్తే ఏమీ తేలదు. ప్రవాహం లేనిదే నష్టమూ లేదు కదా!

క్లాంపులు రెండూ బాగుంటే బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్త్ పట్టీ చూడాలి. రంగు, తుప్పు, గ్రీజు కింద అది చాలాసార్లు మరుగున పడి ఉంటుంది. విప్పేటప్పుడు ఎర్త్ క్లాంపే మొదట. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది గనుక నిప్పు దగ్గరకు రానీయకూడదు. వంటసోడా కలిపిన నీళ్ళతో తుడిచి, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వేజలిన్ పూస్తే తేమా ఆమ్లపు ఆవిరీ చాలాకాలం దరిచేరవు.