పండగ వెళ్లాక ఇంటి లెక్క

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ప్రాంతంలో ఏడాది ఒక్కసారే మొదలవదు. జనవరి 1న గోడ మీద క్యాలెండరు మారుతుంది. ఉగాదికి పంచాంగం మారుతుంది. ఏప్రిల్ 1న బ్యాంకు లెక్క, జూన్‌లో కాలువ నీళ్లు, బడి పుస్తకాలు కొత్తవి వస్తాయి. ఇన్ని మొదళ్లున్నా ఇంటివాళ్లు కూర్చుని ‘ఈ ఏడు ఏం చేద్దాం’ అని మాట్లాడుకోవడానికి వీలు చిక్కేది మాత్రం సంక్రాంతి చుట్టాలు బస్సెక్కిన మర్నాటి నుంచి ఉగాది దాకా ఉండే రెండు నెలల నెమ్మదిలోనే.

పండగ నాలుగు రోజులూ ఈ ఊళ్లు ఊళ్లలా ఉండవు. హైదరాబాద్, బెంగళూరు, అమెరికా నుంచి పిల్లలు దిగుతారు. భీమవరం లాడ్జీల్లో గది దొరకదు, కోడిపందేల బరుల దగ్గర కారు నిలపడానికి చోటు దొరకదు. ఇళ్లలో అరిసెల పాకం, పూతరేకుల డబ్బాలు, కొత్తల్లుళ్ల మర్యాదలు, మేడ మీద వరసగా పరుపులు. పత్రికలు ఏటా ఈ నాలుగు రోజుల గురించి పేజీలు నింపుతాయి. ముక్కనుమ వెళ్లాక ఏం జరుగుతుందో రాసేవారు తక్కువ. ఆ మర్నాడు దుప్పట్లు ఉతుకుతారు. అద్దెకు తెచ్చిన పరుపులు వెనక్కి వెళతాయి. మిగిలిన పిండివంటలు పక్కింటికీ పనిమనిషి ఇంటికీ చేరతాయి. పదిహేను మందికి ఎసరు పెట్టిన చేత్తో మళ్లీ ఇద్దరికి బియ్యం కొలవాలి కాబట్టి మొదటి రెండు రోజులూ అన్నం మిగిలిపోతుంది.

ఆ తర్వాత ఇల్లు తన లయకు వస్తుంది. పొద్దున్నే వాకిలి కడగడం, పాలు, పేపరు. మధ్యాహ్నం రెండింటికి వీధి మొత్తం పడుకుంటుంది. మాఘమాసపు ఎండ వడియాలకు సరిగ్గా సరిపోతుంది. ముందు రోజు తరిగిన బూడిద గుమ్మడికాయ ముక్కల్లో ఉప్పు వేసి, గుడ్డలో మూటకట్టి, పైన బరువు పెడితే రాత్రంతా నీళ్లు కారతాయి. తెల్లారి వాటిని రుబ్బిన మినప్పిండిలో కలిపి మేడ మీద పాత చీర పరిచి పెడతారు. రెండో రోజు తిరగేయాలి, కాకుల్ని చూసుకోవాలి. చూడటానికి ఏ పనీ లేనట్టుండే ఇలాంటి పూటల్లోనే ఇంటి నిర్ణయాలు మాటల్లో పడతాయి. చిన్నదాని పెళ్లికి ఎంత ఉంది, పైకప్పు ఈ ఏడు వేయించాలా వచ్చే ఏడా, మోకాళ్ల నొప్పికి భీమవరంలో చూపించాలా విజయవాడ వెళ్లాలా. ఎదురెదురుగా కూర్చుంటే పట్టింపులకు పోయే సంగతులు కూడా చేతిలో పని ఉన్నప్పుడు తేలిగ్గా తెగుతాయి.

ఈ నెమ్మదికి కాలం పెట్టింది కాలువ. 1847-52 మధ్య ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట లేచాక డెల్టా ఇళ్ల దినచర్య కాలువ చేతిలోకి వెళ్లింది. సంక్రాంతి అటూ ఇటుగా దాళ్వా, అంటే రెండో పంట వరి, ఊడ్పులు సాగుతాయి. అవి అయ్యాక కోతల దాకా పొలానికి నీళ్లు, ఎరువు, కలుపు తప్ప పెద్ద హడావిడి ఉండదు. దాళ్వా చాలావరకు సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి గోదావరికి వచ్చే నీటి మీద ఆధారపడుతుంది. నీరు చాలని ఏడాది కాలువలకు వంతులవారీగా వదులుతారు, శివారు రైతుకు నిద్ర ఉండదు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. భూమిలో నీరు చాలాచోట్ల ఉప్పన కాబట్టి, ఆ లోపే ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. ఈ పనిని వాయిదా వేసుకునే వీలు ఎవరికీ లేదు. గడువు లేని సంకల్పాన్ని ఇక్కడివాళ్లు పెద్దగా లెక్కచేయకపోవడానికి ఈ అలవాటే కారణం కావచ్చు.

వరి ఇంటికి ఉన్న నెమ్మది రొయ్యల ఇంటికి లేదు. దేశంలో వనామీ రొయ్య సాగుకు 2009లో అనుమతి వచ్చాక ఉండి, ఆకివీడు, కైకలూరు దారుల వెంట చేలు చెరువులయ్యాయి. పంటకాలం మూడు నాలుగు నెలలే, డబ్బు తొందరగా తిరుగుతుంది. కానీ తెల్లవారుజామున చెరువు నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ వెంటనే అందుకోకపోతే, కొన్ని గంటల్లో పంట చేజారుతుంది. అందుకే రైతు దిండు పక్కన ఫోను, టార్చిలైటు ఉంటాయి. భోజనం మధ్యలో కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) మాట, ధర మాట. చేను చెరువైతే ఆదాయంతో పాటు ఇంటి రాత్రులు కూడా మారతాయి. చెరువు తవ్వేముందు వేసుకునే ఏ లెక్కలోనూ ఆ నిద్ర విలువ కట్టరు. ఒకసారి తవ్విన నేలను మళ్లీ వరికి తేవడం ఖర్చుతోనూ ఏళ్లతోనూ కూడిన పని కాబట్టి, ఈ ప్రాంతంలో ఒక కుటుంబం తీసుకునే అతి పెద్ద వార్షిక నిర్ణయం బహుశా ఇదే.

కొల్లేటి లంకల్లో ఏడాది ప్రణాళిక ఇంటివాళ్ల చేతిలో ఇంకా తక్కువ. 1999లో కొల్లేరు సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అది అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు రేఖ) లోపలి చేపల చెరువుల గట్లు తెంచేశారు. సరస్సు బతకడానికి అది అవసరమైన పనే. కానీ శీలావతి, బొచ్చెల మీద పిల్లల చదువు లెక్క వేసుకున్న ఇళ్లకు ఆ ఏటి పుస్తకం మధ్యలోనే మూసేయాల్సి వచ్చింది. బుడమేరు, తమ్మిలేరు పొంగితే నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి చేరేదాకా లంకల్లో రాకపోకలకు తిప్పలే. అక్కడివాళ్లకు కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఏడాదికి మలుపు. ఫాల్గుణంలో అది అయ్యాకే మిగతా మాటలు.

ఇంటి ప్రశాంతతను మెచ్చుకునే వ్యాసాలు సాధారణంగా ఒక సంగతి మరిచిపోతాయి. ఆ ప్రశాంతత ఎవరో ఒకరి పనితో నిలబడుతుంది. ఉండికి ఆగ్నేయంగా నరసాపురం, పాలకొల్లు పల్లెల్లో మధ్యాహ్నం అరుగుల మీద కూర్చుని ఆడవాళ్లు లేసు అల్లుతారు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ ఊళ్లలో తిరిగి 1982లో తెచ్చిన పుస్తకం ఇప్పటికీ ప్రపంచమంతటా స్త్రీల శ్రమపై చదువుకునేవారి చేతిలో ఉంటుంది. ఎగుమతి అయ్యే సరుకు తయారు చేస్తున్నవాళ్లను ‘ఇంట్లో ఖాళీగా కూర్చునే గృహిణులు’గా చూడటం వల్లే వారి కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె తేల్చారు. వడియాలకూ అదే వర్తిస్తుంది. ఏడాది లక్ష్యాలు వేసుకునేటప్పుడు ఇంటి పని ఎవరి వంతో కూడా మాట్లాడుకోని ఇంట్లో, ఒకరి నెమ్మది మరొకరి చాకిరీ.

ఉగాది నాడు గుడిలోనో రామాలయం అరుగు మీదో పంచాంగ శ్రవణం జరుగుతుంది. సంవత్సరాది ఏ వారమైతే ఆ వారాధిపతి ఆ ఏటికి రాజు. తర్వాత మంత్రి, సేనాధిపతి, సస్యాధిపతి, మేఘాధిపతి. రాశివారీగా ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదువుతారు. ఆదాయ వ్యయాల అంకెలు 2, 5, 8, 11, 14లలోనే ఉంటాయి. అధిపతి కుజుడే కాబట్టి మేషానికీ వృశ్చికానికీ ఒకే అంకెలు పడతాయి. జాతకం నిజమా కాదా అన్నది వేరే వాదం. ఇంటికి దాని ఉపయోగం మరొకటి. సంవత్సరాన్ని జమ, ఖర్చు, గౌరవం, అవమానం అని నాలుగు గళ్లలో పెట్టి చూడటం అది నేర్పుతుంది. ఆరోగ్యం, చదువు, పొదుపు అంటూ వేసుకునే ఆధునిక జాబితాల్లో అవమానానికి గడి ఉండదు. ‘ఈ ఏడు మీకు ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగటండీ, కొత్త బండి మాట ఎత్తకండి’ అని ఇల్లాలు నవ్వుతూ అన్న మాటతో ఆ ఏటి బడ్జెట్ సగం తేలిపోతుంది.

మిగతా సగం పద్దు పుస్తకంలో తేలుతుంది. పసుపు రాసిన మొదటి పేజీలో ‘శ్రీ’ చుట్టి, కింద కౌలు, అప్పు, చీటీ రాస్తారు. కౌలు బస్తాల్లో మాట్లాడుకుంటారు, ఇక్కడ ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు 11 నెలల పత్రం ఇస్తారు. దానికి భూ యజమాని ఒప్పుకోవాలి కాబట్టి, ఆ సంతకం అడగడం కౌలు ఇంటి వార్షిక లక్ష్యాల్లో మొదటిది, అన్నిటికంటే కష్టమైనది.

చీటీ సంగతి కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే ఈ ఇళ్లలో లక్ష్యానికి అంకె, గడువు, సాక్షులు మూడూ దొరికేది అక్కడే. ఇరవై మంది నెలకు రూ.5,000 చొప్పున ఇరవై నెలలు కడితే ప్రతి నెలా లక్ష రూపాయలు పోగవుతుంది. అవసరమున్నవారు పాట పాడతారు. ఒకరు రూ.20,000 వదులుకుని రూ.80,000కు పాడుకున్నారనుకుంటే, చీటీ నడిపే మనిషి కమీషన్ 5 శాతం, అంటే రూ.5,000 పోగా మిగిలిన రూ.15,000 ఇరవై మందికీ తలా రూ.750 చొప్పున తగ్గుతుంది. ఆ నెల అందరూ కట్టాల్సింది రూ.4,250. తొందరపడి పాడుకున్నవారికి అది అప్పు, చివరిదాకా ఆగినవారికి పొదుపు. ఎవరు ఎప్పుడు పాడతారో చూస్తే ఎవరింట్లో ఏ పని తలపెట్టారో వీధికి తెలిసిపోతుంది. ఫిబ్రవరిలో పాట ఎక్కువకు పోతే పెళ్లిళ్లు, జూన్‌లో పోతే కాలేజీ ఫీజులు. ఒక్క నెల తప్పినా ఇరవై ఇళ్లకు జవాబు చెప్పాలి, ఆ మొహమాటమే క్రమశిక్షణ. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం నమోదు కాని చీటీకి చట్టం అండ లేదు. నడిపే మనిషి ఊరొదిలితే ఇరవై ఇళ్ల ఏడాది పోతుంది. అయినా పద్ధతిలో తప్పులేదు, మనిషిని చూసుకోవాలి, కాగితం చూసుకోవాలి.

సొంత తీర్మానాల మీద బయటి దేశాల్లో జరిగిన పరిశీలనలు ఈ అలవాట్లకు దగ్గరగానే వస్తాయి. అమెరికాలో జాన్ నార్‌క్రాస్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త సంవత్సరానికి తీర్మానం చేసుకున్నవారిలో 46 శాతం ఆరు నెలల తర్వాత కూడా నిలబెట్టుకున్నామన్నారు. మారాలని ఉండీ తీర్మానం చేసుకోనివారిలో అలా చెప్పినవారు 4 శాతమే. స్వీడన్‌లో 1,066 మందిపై జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో ‘ఇది చేస్తాను’ అనుకున్నవారిలో 58.9 శాతం నెగ్గామన్నారు, ‘ఇది మానేస్తాను’ అనుకున్నవారిలో 47.1 శాతం. అంటే షుగరు ఉన్న మనిషి ‘స్వీటు ముట్టను’ అని ఒట్టేసుకోవడం కంటే ‘రాత్రి భోజనమయ్యాక కాలువ గట్టు మీద వంతెన దాకా వెళ్లొస్తాను’ అనుకోవడం మేలు. పూతరేకులు తయారయ్యే చోటికి దగ్గర్లో ఉంటూ మొదటి ఒట్టు నిలబెట్టుకోవడం ఎలాగూ కష్టమే. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో చెప్పినదాని ప్రకారం, ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టమేమీ కనిపించలేదు. కనుమ మర్నాటి నుంచి 66 రోజులు లెక్కపెడితే ఇంచుమించు ఉగాది వస్తుంది. ఇది కాకతాళీయమే, కానీ పనికొచ్చే కాకతాళీయం.

ఉగాది దాటాక నెమ్మది చెదురుతుంది. దాళ్వా కోత మిషన్లు చేలోకి దిగుతాయి, వెంటనే మామిడికాయలు వస్తాయి. ఆవకాయ ఏడాది లెక్కను కళ్ల ముందు పెట్టే పని. జాడీ ఎంతదన్నది ఇంట్లో తినేవాళ్లని బట్టి, పంపాల్సిన పిల్లలను బట్టి ఉంటుంది. ముక్కలకు తడి తగలకూడదు, మూడో నాడు తిరగకలిపి ఉప్పు చూడాలి. సీసాల సంఖ్య ఏటా తగ్గుతోందో పెరుగుతోందో చూస్తే కుటుంబం ఎటు వెళ్తోందో అర్థమవుతుంది.

పిల్లలు దూరంగా ఉండి పెద్దలిద్దరే మిగిలిన ఇళ్లు ఈ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. ఆ ఇళ్లలో ఏటా వాయిదా పడే లక్ష్యం ఒకటుంది, కాగితాలు సర్దుకోవడం. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు, విస్తీర్ణం సరిగా ఉన్నాయా, రెవెన్యూ రికార్డు 1-బి నకలు దాంతో సరిపోతుందా, బ్యాంకు ఖాతాలకు నామినీ ఉన్నారా, చీటీ పాసుపుస్తకం ఏ బీరువాలో ఉంది. వీలునామా మాట ఎత్తితే చావు మాట ఎత్తినట్టు బాధపడతారు కాబట్టి అది ఎప్పుడూ వెనక్కి జరుగుతుంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. రాసినవారి సంతకం, దాన్ని చూసి సంతకం చేసే సాక్షులు ఇద్దరు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకుంటే తర్వాత తగాదాలకు తావు తగ్గుతుంది. పండక్కి పిల్లలంతా ఇంట్లో ఉన్నప్పుడు ఈ మాట ఎవరూ కదపరు. వాళ్లు వెళ్లాక రెండు నెలల్లో ఒక మధ్యాహ్నం దీనికి చాలు.