చీటీ మీద ‘100% కాటన్’... ఒంటి మీద దురద!

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, అనకాపల్లిలో మా ఓపీకి గజ్జల్లో దురద, నడుం చుట్టూ తామర, మెడ మీద చెమటకాయలతో వచ్చేవాళ్లు పెరిగిపోతారు. సముద్రానికి దగ్గరి ఊరు కావడంతో మనకు ఎండ ఒక బాధైతే ఉక్కపోత ఇంకో బాధ. పట్టిన చెమట ఆరదు. వచ్చినవాళ్లు సబ్బు గురించి అడుగుతారు, క్రీము గురించి అడుగుతారు. బట్టల గురించి నేను అడిగితే మాత్రం ఎక్కువమంది జవాబు ఒకటే: ‘కాటనే వేస్తున్నామండీ’. కాలరు వెనక చీటీ తిప్పి చూస్తే చాలాసార్లు అది నిజమే.

మరి తేడా ఎక్కడుంది? గుడ్డ గుణం రెండుసార్లు నిర్ణయమవుతుంది. ఏ పోగుతో నేశారన్నది మొదటిది. నేశాక మిల్లులో ఏ రసాయనంలో ముంచి తీశారు, ఏ పూత పూశారన్నది రెండోది. దీన్నే ఫినిషింగ్ అంటారు. చీటీ సాధారణంగా మొదటి సంగతే చెబుతుంది. రెండోదాన్ని మనమే కనిపెట్టుకోవాలి.

అరగ్రాము కూడా పీల్చని పాలిస్టర్

పోగుల తేడా తెలియాలంటే ఒక లెక్క చూడండి. 20 డిగ్రీల వేడి, గాలిలో 65 శాతం తేమ ఉన్న గదిలో 100 గ్రాముల పొడి నూలు గుడ్డ ఉంచితే, అది గాలిలోంచి సుమారు 8.5 గ్రాముల నీటిని పీల్చుకుంటుంది. పట్టు 11 గ్రాములు, మనం రేయాన్ అని పిలిచే విస్కోస్ 11 నుంచి 13, ఉన్ని 16 గ్రాముల దాకా పీలుస్తాయి. నైలాన్ 4 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. పాలిస్టర్ 0.4 గ్రాములే. అంటే ఒంటికి అతుక్కునే పాలిస్టర్ లెగ్గింగ్ వేసుకుంటే చెమట గుడ్డలోకి ఇంకదు, చర్మానికీ గుడ్డకీ మధ్యే ఉండిపోతుంది. తామర తెచ్చే ఫంగస్‌కు కావలసింది సరిగ్గా ఆ వెచ్చదనం, ఆ తడి.

అలాగని పాలిస్టర్‌ను పూర్తిగా తీసిపారేయలేం. ఆటగాళ్ల టీషర్టులూ పాలిస్టరేగా? వాటి పోగుకు సన్నని గాడులు పెడతారు, లేదా చెమటను పైపొరకు లాగే ఫినిషింగ్ ఇస్తారు. గాలి ఆడే మైదానంలో అది బాగా పనిచేస్తుంది. మే నెలలో కరెంటు పోయిన గదిలో, లాగిన చెమట కూడా ఆరదు కాబట్టి అంత ఉపయోగం ఉండదు. కాటన్‌కూ ఒక లోపం ఉంది. తడిస్తే ఒక పట్టాన ఆరదు. తడిసిన కాటన్ బనియనుతో సాయంత్రం దాకా ఉంటే పాలిస్టర్‌కు దానికి పెద్ద తేడా ఉండదు. మధ్యాహ్నం ఒకసారి మార్చుకోవడమే మార్గం. వానాకాలంలో సగం ఆరిన జీన్స్ తొడుక్కోవడం మరీ చేటు.

పిల్లల స్కూలు యూనిఫాం చాలావరకు పాలిస్టర్ ఎక్కువ, కాటన్ తక్కువ ఉండే మిశ్రమం. దాన్ని మార్చడం మన చేతుల్లో లేదు. లోపల పలుచని కాటన్ బనియను వేయడం, ఇంటికి రాగానే విప్పించడం మన చేతుల్లోనే ఉంది.

ఇస్త్రీ అక్కర్లేని చొక్కా వెనక కథ

నూలు గుడ్డ తడిస్తే దాని లోపలి సెల్యులోజ్ గొలుసులు జారి కొత్త చోట కుదురుకుంటాయి. ముడతలు పడేది అందుకే. ‘రింకిల్ ఫ్రీ’ చొక్కాలో ఆ గొలుసులు జారకుండా రెజిన్‌తో అడ్డంగా కట్టేస్తారు. ఈ రెజిన్లలో ఎక్కువగా వాడేవి ఫార్మాల్డిహైడ్‌తో తయారైనవే. ఇస్త్రీ తప్పుతుంది, నిజమే. బదులుగా గుడ్డ బలం తగ్గుతుంది, తేమ పీల్చే గుణం కొంత పోతుంది, వేడికీ చెమటకూ ఫార్మాల్డిహైడ్ కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. చాలామందికి దీనివల్ల ఏమీ కాదు. అలర్జీ ఉన్నవాళ్లకే దద్దు, దురద, పొట్టు రాలడం.

2010లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 180 వస్తువులను పరీక్షిస్తే, పదింటిలో ఇది పది లక్షల పాళ్లకు 75 పాళ్లను మించింది. ఐరోపా సమాఖ్య చర్మానికి తగిలే బట్టల్లో కిలోకు 75 మిల్లీగ్రాములు దాటకూడదని 2020 నవంబరు నుంచి నియమం పెట్టింది. మన అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ అపెరల్ సిటీలో కుట్టే దుస్తులు విదేశాలకు వెళ్తాయి. అక్కడి కొనుగోలుదారులకు చూసుకోవడానికి ఇలాంటి పరిమితులున్నాయి. సంతలో చొక్కా కొనే మనకు ముక్కే పరీక్ష: కొత్త బట్ట ఘాటుగా వాసన వేస్తే రెండుసార్లు ఉతికాకే వేసుకోండి. అంటీ అంటని ఫార్మాల్డిహైడ్, మిగిలిన గంజి, ఊడిపోయే రంగు చాలావరకు ఉతుకులో పోతాయి.

దద్దు ఎక్కడొచ్చిందో చూస్తే కారణం కొంత తెలుస్తుంది. చంక గుంతలోనే ఉంటే ముందు డియోడరెంటును అనుమానిస్తాం. గుంత బాగుండి చుట్టూ అంచున, మెడ దగ్గర, తొడల లోపలి వైపు వస్తే బట్టను అనుమానిస్తాం. నలుపు, ముదురు నీలం సింథటిక్ లైనింగుల్లో వాడే డిస్పర్స్ రంగులు కూడా ఇలాంటి అలర్జీకి పేరుపడ్డవే. దీనికి ఉతుకు ఒక్కటే సరిపోదు. ఆ బట్ట పక్కన పెట్టాల్సిందే. జాకెట్టు కుట్టించేటప్పుడు పైగుడ్డ కోసం గంటసేపు బేరమాడతాం. ఒంటికి తగిలే లైనింగు ఏం గుడ్డో దర్జీని అడగం!

అన్ని ఫినిషింగులూ చెడ్డవేం కావు. మెర్సరైజ్ చేసిన కాటన్, అంటే కాస్టిక్ సోడాలో బిగువుగా పట్టి తీసినది, మెరుస్తుంది, గట్టిపడుతుంది, తేమను ఇంకాస్త బాగా పీలుస్తుంది. నిశ్చింతగా కొనుక్కోవచ్చు. మనం ఇంట్లో చేసే ఫినిషింగ్ గంజి. గంజి పెట్టిన పంచె ఒంటికి అంటుకోకుండా నిలబడుతుంది కాబట్టి గాలి ఆడుతుంది. చిక్కగా పెడితే మాత్రం దారాల మధ్య సందులు మూసుకుపోతాయి, చెమటకు జిగురవుతుంది. లోదుస్తులకు గంజి వద్దు. ఉతికాక వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ కూడా అంతే. మెత్తదనం ఇచ్చే ఆ పూతే తువ్వాలు నీరు పీల్చకుండా చేస్తుంది. తువ్వాళ్లకు, బనియన్లకు, పసిపిల్లల గుడ్డలకు అది అక్కర్లేదు.

అనుమానముంటే గుడ్డ మీద ఒక నీటి చుక్క వేయండి. వెంటనే ఇంకితే మంచిది. ముత్యంలా నిలబడితే దాని మీద పూత ఉన్నట్టే, లేదా అందులో సింథటిక్ ఎక్కువున్నట్టు. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు మీద వేసి చూడండి, తేడా తెలుస్తుంది. వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో వడికిన ఆ నూలులో గాలికీ చెమటకూ దారి ఉంటుంది. రోజూ కట్టే ధర కాదనుకోండి.

ఇప్పటికే తామర ఉంటే బట్టలు మార్చినంత మాత్రాన పోదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు దురదను అణచి, ఫంగస్‌ను పెంచుతాయి. డాక్టరుకు చూపించండి. తువ్వాలు ఎవరిది వారికే ఉండాలి. లోదుస్తులు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి.

పొయ్యి దగ్గర ఏ బట్ట?

దురద మందుతో తగ్గుతుంది. కాలిన గాయం సంగతి వేరు. వంటింట్లో వదులు నైటీ వేసుకునేవాళ్లు, బెల్లం వండే పెనాల దగ్గర పనిచేసేవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. కాటన్ త్వరగా అంటుకుంటుంది, మంట పైకి ఎగబాకుతుంది, కానీ బూడిదై రాలుతుంది. పాలిస్టర్ 260 డిగ్రీల దగ్గర కరిగి చర్మానికి అతుక్కుంటుంది, గాయం లోతుగా దిగుతుంది. రెండూ కలిసిన గుడ్డ ఇంకా మొండిది. అందులోని నూలు దీపపు వత్తిలా నిలబడి, కరిగిన పాలిస్టర్‌ను పట్టుకుని మండిస్తుంది. పొయ్యి దగ్గర ఒంటిని పట్టి ఉండే, కాస్త మందమైన కాటన్ మంచిది. వేలాడే చేతులు, జారే చున్నీ వద్దు.

ప్రమాదం జరిగితే పరుగెత్తకుండా నేల మీద పడి దొర్లాలి. మంట ఆరాక కాలినచోట 20 నిమిషాల పాటు కుళాయి నీళ్లు ధారగా పోయండి. గాజులు, ఉంగరాలు వెంటనే తీసేయండి. చర్మానికి అతుక్కున్న గుడ్డను మాత్రం లాగొద్దు. దాని చుట్టూ కత్తిరించి, అలాగే శుభ్రమైన గుడ్డ కప్పి, 108కి ఫోన్ చేయండి. ఆ అతుక్కున్న ముక్కను మేం ఆసుపత్రిలో తీస్తాం.