గాయపడ్డారని గెంటేస్తే.. దారులున్నాయ్!

డిగ్రీ పూర్తయింది. ఊరికి దగ్గర్లోని ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద చేరారు. ఏడాది దాటాక ఓ రోజు మెషీన్‌లో చెయ్యి పడింది. 'నయమయ్యాక చూద్దాంలే' అన్న సూపర్‌వైజరే మూడు వారాలకు ఫోన్ చేసి 'ఇక రానక్కర్లేదు' అన్నాడనుకోండి. ఏం చేస్తారు? 'మన ఖర్మ' అని ఊరుకోవాల్సిన పనిలేదు.

గాయానికి పరిహారం, ఉద్యోగం తీసేయడం.. ఇవి వేర్వేరు విషయాలు. ఉద్యోగం పోయినంత మాత్రాన పరిహారం హక్కు పోదు.

పొరపాటు మీదైనా సరే

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం, 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిశాయి. 2025 నవంబరు 21న ఇది అమల్లోకి వచ్చింది. పని కారణంగా, పని సమయంలో ప్రమాదం జరిగితే చాలు, కాస్త ఏమరుపాటు మీదే అయినా పరిహారం వస్తుంది. తాగి పనిచేసినా, భద్రతా నియమాలను కావాలని ఉల్లంఘించినా మాత్రం ఇబ్బందే. ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదానికీ, ఉద్యోగంతో సంబంధం చూపగలిగితే కోడ్ వర్తిస్తుంది.

పేస్లిప్‌లో ఈఎస్‌ఐ కోత ఉందా? అయితే పరిహారం ఈఎస్‌ఐ నుంచే అందుతుంది. కోలుకునేదాకా జీతంలో దాదాపు 90 శాతం ఇస్తారు. ఈఎస్‌ఐ లేకపోతే యజమానే చెల్లించాలి. ఆలస్యం చేస్తే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుంటే 50 శాతం దాకా పెనాల్టీ పడొచ్చు. 'నువ్వు కాంట్రాక్టర్ మనిషివి' అని అసలు కంపెనీ తప్పించుకోలేదు. అప్రెంటిస్‌లకూ పరిహారం హక్కుంది.

తీసేస్తే ఎలా?

ఏడాదిపాటు ఏకధాటిగా పనిచేసిన కార్మికుణ్ని రిట్రెంచ్ చేయాలంటే నెల నోటీసు లేదా నెల జీతం, సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం ఇవ్వాలి. 'దీర్ఘకాలిక అనారోగ్యం' అనే సాకుతో దీన్ని ఎగ్గొట్టాలని చూసేవాళ్లుంటారు. అందుకే ఎప్పటికల్లా పనిలోకి వెళ్లగలరో డాక్టర్‌తో రాయించుకోండి. యూనియన్ లేకపోయినా మీరొక్కరే కార్మిక శాఖ అధికారి దగ్గర ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ రాజీ కుదరకపోతే ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. పరిహారానికైనా, ఉద్యోగానికైనా రెండేళ్లు దాటనివ్వకండి.

ప్రభుత్వ సంస్థల్లో రక్షణ ఇంకా గట్టిది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ఉద్యోగం తీసేయకూడదని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. ఆ పోస్టుకు పనికిరాకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి. వర్ణాంధత్వం ఉందని తెలంగాణ ఆర్టీసీ పక్కన పెట్టిన ఓ డ్రైవర్‌కు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని 2025లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇవి మర్చిపోవద్దు

- ప్రమాదం గురించి వెంటనే రాతపూర్వకంగా తెలపండి. వాట్సాప్, ఈమెయిల్ అయినా సరే, స్క్రీన్‌షాట్ దాచుకోండి.
- ఆసుపత్రిలో 'పనిచేస్తుండగా దెబ్బ తగిలింది' అని రికార్డులో రాయించండి.
- ఎంత ఒత్తిడి చేసినా రాజీనామా పత్రం మీద, ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టొద్దు. పెడితే మీరే మానేశారంటారు.
- హాజరు వివరాలు, పేస్లిప్‌లు, ఐడీ కార్డు ఫొటోలు ఫోన్‌లో ఉంచుకోండి. తోటివాళ్ల సాక్ష్యమూ పనికొస్తుంది.
- లాయర్ ఫీజు గురించి బెంగ వద్దు. కార్మికులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచిత సాయం చేస్తుంది. టోల్‌ఫ్రీ నంబరు 15100.

ఇంకో మాట. ఉద్యోగంలో చేరిన రోజు జీతమెంతో అడిగినట్టే, అపాయింట్‌మెంట్ లెటర్, ఈఎస్‌ఐ నంబరూ అడగండి. రేపు ఏదైనా జరిగితే 'ఇతను మా దగ్గర పనిచేయలేదు' అనకుండా కాపాడేవి ఆ కాగితాలే.